నొప్పి ఏ కాలికి బాబూ?

రవికిరణ్‌కి డాన్స్ రాదు. ఈ సంగతి కాకినాడలో అందరికీ తెలుసు. ఢిల్లీలో ఎవరికీ తెలియదు. గొడవంతా అక్కడే వచ్చింది.

గుర్‌గావ్‌లో వాడితో పాటు పనిచేసే అంకిత్ పెళ్ళి. జనక్‌పురిలో ఓ మెయిన్ రోడ్డు మీద నుంచి బరాత్ బయలుదేరింది. గుర్రం మీద పెళ్ళికొడుకు, ముందు బ్యాండు, దాని ముందు ఢోల్, దాని ముందు పూనకం వచ్చిన చుట్టాలు. ఫంక్షన్ హాలు రెండు సందుల అవతలే ఉంది, కానీ అడుగుకో పాట, పాటకో నోట్ల దిష్టి. ఇలా అయితే భోజనాలు తెల్లారాకే అనుకుని, నెత్తిన గులాబీరంగు తలపాగాతో, జేబుల్లో చేతులతో, రవికిరణ్ జనరేటర్ బండి పక్కన నిలబడ్డాడు. డిసెంబరు చలికి ఆ జనరేటరే వెచ్చగా ఉంది.

"ఓ భాయీసాబ్! మీరు బరాత్‌కి వచ్చారా, ఆఫీసు మీటింగ్‌కి వచ్చారా?"

హిందీలో అడిగిందో అమ్మాయి. ఆకుపచ్చ లెహంగా, నడుముకి బిగించిన చున్నీ, చలికాలంలో కూడా నుదుటి మీద చెమట. నిజానికి ఆ అమ్మాయి పెళ్ళికూతురి ఫ్రెండు. గుమ్మంలో హారతి పళ్ళెం పట్టుకుని నిలబడాల్సిన మనిషి. ఢోల్ వినపడేసరికి పళ్ళెం ఎవరి చేతిలోనో పెట్టేసి, ఆడపెళ్ళివారి వైపు నుంచి మగపెళ్ళివారి బరాత్‌లోకి దూకేసింది.

"నాకు రాదండీ," అన్నాడు రవికిరణ్ తనకొచ్చిన హిందీలో.

"రావడానికేముంది? ఢోల్ మోగితే కాళ్ళే చూసుకుంటాయి. రండి!"

చెయ్యి పట్టుకుని లాగేసింది. లాగిందంటే మామూలుగా కాదు. వాడి తలపాగా ఒకవైపు, వాడు ఒకవైపు వెళ్ళారు.

ఆ అమ్మాయి చూపించిన స్టెప్పు చూడ్డానికి తేలిగ్గానే ఉంది. గొంతుక్కూర్చుని, స్ప్రింగులా లేచి, ఓ కాలు గాల్లోకి విసరాలి. మొదటిసారి బాగానే కూర్చున్నాడు, లేచాడు. రెండోసారి లేచేసరికి నలుగురు ఈల వేశారు. గుర్రం మీద నుంచి అంకిత్, "రవీ! షేర్ హై తూ!" అని అరిచాడు. షేర్ అంటే పులి అని వాడికి తెలుసు. తెలియకపోయినా బాగుండేది.

మూడోసారి ఎగిరినప్పుడు కుడికాలు రోడ్డు మీద తడి బంతిరేకుల్లో దిగింది. పాదం అక్కడే ఉండిపోయింది. మనిషి మాత్రం తిరిగాడు. మోకాలి లోపల 'టప్' మంది.

"ఓరి నాయనో! చచ్చాన్రా దేవుడా!"

ఢోల్ ఆగిపోయింది. ఆకుపచ్చ లెహంగా అమ్మాయి వాడి పక్కన చతికిలబడింది. మొహం పాలిపోయింది. నోట్లోంచి మాత్రం అసలైన ప్రశ్నే వచ్చింది.

"అరే! మీరు తెలుగా?"

"ఇప్పుడది అవసరమా అండీ?"

"కాదు, మీరు అంత పక్కాగా అరిచారు కదా! మేము కూడా తెలుగే. నాన్నగారిది తెనాలి. నా పేరు ఇంద్రాణి."

"నా పేరు రవికిరణ్. నాది కాకినాడ. నా మోకాలు పోయిందండీ."

పరిచయాలు ఆ విధంగా పూర్తయ్యాయి. జనమంతా తలో సలహా ఇస్తుంటే గుర్రం ఒక్కటే నోరు మూసుకుని జాలిగా చూసింది.

*

ఎమ్మారై తీశాక ఎముకల డాక్టరు ఫిల్మ్ లైటుకి పెట్టి చూసి, "లిగమెంట్ పూర్తిగా తెగలేదు, కొంత చిరిగింది. పక్కనున్న ఇంకో లిగమెంట్ సాగింది. అందరికీ ఇలా కుదరదు గానీ, మీ కేసులో ఆపరేషన్ లేకుండా ప్రయత్నించొచ్చు. బ్రేస్ వేసుకోండి, ఫిజియో మానకండి. మోకాలు మాటిమాటికీ జారిపోతుంటే మాత్రం ఆపరేషనే," అన్నాడు.

కాకినాడ నుంచి అమ్మ కృష్ణకుమారి ఫోన్ చేసింది.

"ఒరేయ్, ఆ కోతలూ కుట్లూ వద్దు. వచ్చెయ్, పుత్తూరు కట్టు కట్టిద్దాం."

"అది ఎముక విరిగితేనే అమ్మా. నాకు విరగలేదు."

"మరేమైంది?"

"లోపల నరం లాంటిది చిరిగింది."

"నరం చిరగడమేంట్రా, చొక్కానా? అసలు రోడ్డు మీద గెంతడానికి నువ్వెందుకు వెళ్ళావు? ఎవరు గెంతించారు?"

గెంతించిన మనిషి అప్పటికి వాడి గది గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో స్టీలు క్యారేజీ. మొహంలో నేరం చేసిన భావం. రవికిరణ్ ఫోన్ పెట్టేశాడు.

"మిమ్మల్ని లాగింది నేను," అంది ఇంద్రాణి. "మా స్కూలు ఇక్కడే, జనక్‌పురిలోనే. నేను పీఈటీ టీచర్ని. రోజూ స్కూలు అయ్యాక వస్తాను. మీ కాలు బాగయ్యేదాకా ఫిజియోకి తీసుకెళ్ళి తీసుకొచ్చే డ్యూటీ నాది. ఠీక్ హై?"

"మీకెందుకండీ శ్రమ? మీరు ఉండేది సరోజినీ నగర్‌లో అన్నారు కదా. ఎంత దూరం!"

"డ్యూటీ అన్నాను కదా!"

క్యారేజీలో గోంగూర పచ్చడి ఉంది. ఆఫీసు క్యాంటీన్లో రాజ్మా తిని తిని చచ్చుబడిన నాలుక ఒక్కసారి లేచి కూర్చుంది. శ్రమ సంగతి వాడు మళ్ళీ ఎత్తలేదు.

ఫిజియో పేరు హర్లీన్ కౌర్. మనిషి పొట్టి, గొంతు పెద్దది. అందరూ హర్లీన్ దీదీ అంటారు. మొదటిరోజు వాణ్ణి బల్ల మీద పడుకోబెట్టి, మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, "దీన్ని కిందికి నొక్కు," అంది.

"అంతేనా?" అని నవ్వాడు రవికిరణ్.

నొక్కాడు. అంటే నొక్కాలనుకున్నాడు. తొడలో కండ కదల్లేదు. మెదడు ఆర్డరు వేస్తోంది, కాలు ఫైలు ముట్టుకోవడం లేదు. నవ్వు ఆగిపోయింది. కాలు నిటారుగా పైకెత్తమంటే బల్ల మీంచి వేలెడు కూడా లేవలేదు. ఇంకో కాలు మాత్రం ఇదేం పెద్ద పనన్నట్టు లేచింది.

భయం అప్పుడు పట్టుకుంది వాణ్ణి. ఇది ఇక నా కాలు కాదేమో అనిపించింది. కళ్ళు తిప్పుకుని గోడకేసి చూశాడు.

"గోడ మీద ఏముంది?" అడిగింది ఇంద్రాణి. "కాలు ఇటుంది. ఇటు చూడండి. మా స్కూల్లో ఆరో క్లాసు పిల్లలు మీకన్నా నయం, కనీసం ఏడ్చి అయినా చేస్తారు."

"నేను ఏడవట్లేదు!"

"అయితే చెయ్యండి!"

పౌరుషం వచ్చింది. పళ్ళు బిగించాడు. కండ కదిలింది. ఏదో చిన్న వణుకు, అంతే. హర్లీన్ దీదీ వేలు పెట్టి చూసి, "ఆయా! ఆయా! వచ్చేసింది!" అని అరిచింది. ఇంద్రాణి చప్పట్లు కొట్టింది. పక్క బల్ల మీద నడుంనొప్పితో పడుకున్న సర్దార్జీ కూడా పడుకునే చప్పట్లు కొట్టాడు. జీవితంలో ఉద్యోగం వచ్చినప్పుడు కూడా రవికిరణ్‌కి అంత గర్వం కలగలేదు.

జనవరి అంతా అలాగే గడిచింది. పొగమంచులో ఈ-రిక్షా, క్లినిక్, ఐసుముక్కలు, ఎక్సర్‌సైజులు, బయటికొచ్చాక బండి దగ్గర అల్లం చాయ్, వేడి వేరుశెనక్కాయలు. ఇంద్రాణి తెలుగు సగం తెలుగు, సగం హిందీ. మూడోపాలు పేచీ.

"మీరు తెలుగు చదవలేరా?" అడిగాడోసారి.

"బస్సు బోర్డు కూడా చదవలేను. కానీ తిట్టడం మొత్తం వచ్చు. వినిపించనా?"

"వద్దులెండి. అనుభవంలో ఉంది."

వాడు ఆ అమ్మాయి మీద మనసు పారేసుకున్నాడని వేరుశెనక్కాయల బండివాడికి కూడా తెలిసిపోయింది. తెలియనిదల్లా ఇంద్రాణికే. కనీసం వాడు అలా అనుకున్నాడు. రోజూ అడుగుదామనుకునేవాడు. రోజూ ఆ 'డ్యూటీ' అన్న మాట అడ్డం పడేది. పాపం, తన వల్ల దెబ్బ తగిలిందని వస్తోంది. అంతకన్నా ఏముంది?

ఒకరోజు మెట్లు దిగుతుంటే మోకాలు చటుక్కున జారింది. పడబోతే ఇంద్రాణి రెండు చేతులతో పట్టుకుంది. వాడికి నొప్పికన్నా డాక్టరు మాట గుర్తొచ్చి ఒళ్ళు చల్లబడింది. ఇద్దరూ చాలాసేపు ఆ మెట్టు మీదే కూర్చున్నారు.

"ఆపరేషన్ అంటే భయమా?" మెల్లగా అడిగింది.

"ఆపరేషన్ అంటే కాదు. ఇన్నాళ్ళు చేసిందంతా వృథా అయిపోతుందేమోనని."

"అవ్వదు," అంది. "నేను అవ్వనివ్వను."

ఆ తర్వాత కండ పెరిగింది. గోడకి వీపు ఆనించి కుర్చీలేకుండా కూర్చోవడం, మెట్టు ఎక్కి దిగడం, మెత్తటి దిండు మీద ఒంటికాలిపై నిలబడటం. ఈ చివరిది మొదలయ్యాక హర్లీన్ దీదీ ఇంద్రాణిని బయటికి పంపేసింది.

"నువ్విక్కడ ఉంటే వీడు ఎదురుగా గోడని చూడడు, నిన్ను చూస్తాడు. పడితే పేరు పోయేది నా క్లినిక్‌కి. పో, చాయ్ తాగు!"

ఇంద్రాణి ఆ రోజు నుంచి బయటే ఉండేది. లోపల ఏం జరుగుతోందో ఆమెకి తెలియదు. కొంప మునిగింది ఇక్కడే.

*

మార్చిలో ఓ సాయంత్రం హర్లీన్ దీదీ బ్రేస్ విప్పి పక్కన పారేసింది. "అయిపోయింది, హీరో. మెల్లగా పరిగెత్తొచ్చు. ఇక వారానికోసారి వస్తే చాలు. తర్వాత అదీ అక్కర్లేదు."

ఆ మాటకి మామూలు మనిషయితే గంతులేస్తాడు. రవికిరణ్ మొహం వేలాడేశాడు. బాగయ్యేదాకా డ్యూటీ. బాగైపోయింది. అంటే రేపటి నుంచి అల్లం చాయ్ లేదు, పేచీ లేదు, గోంగూర లేదు, ఇంద్రాణి లేదు.

బయటికొచ్చాడు. స్కూటీ మీద కూర్చుని ఆమె ఎదురుచూస్తోంది. "ఏమంది దీదీ?" అని ఆశగా అడిగింది.

వాడి కాళ్ళు వాటంతటవే కుంటాయి.

"ఇంకా... టైము పడుతుందంది."

ఆమె మొహం చిన్నబోయింది. ఎంత మంచి మనసు, అనుకున్నాడు ఆ దద్దమ్మ.

అలా మొదలైంది నాటకం. లోపల బస్కీలు, గుమ్మం దాటగానే కుంటుడు. మూడోనాడు కిటికీలోంచి చూసి హర్లీన్ దీదీ నెత్తి కొట్టుకుంది.

"నా తమ్ముడి పెళ్ళికి మీరిద్దరూ రావాలి. ఆలోపు ఆ పిల్లకి నిజం చెప్పు. లేదంటే నేనే చెప్తాను. నాలుగు నెలలు నేను పడ్డ కష్టాన్ని వీధిలో కుంటుతూ పరువు తీస్తావా?"

"చెప్తాను దీదీ. ఉగాది వెళ్ళనివ్వండి."

ఉగాదికి ఇంద్రాణి వాళ్ళింట్లో భోజనానికి పిలిచారు. సరోజినీ నగర్‌లో గవర్నమెంటు క్వార్టర్. తండ్రి భీమేశ్వరరావు కేంద్ర ఆడిట్ శాఖలో రిటైర్‌మెంట్‌కి దగ్గరపడిన ఆఫీసరు. తల్లి సునంద వేపపువ్వు కోసం కాలనీలో ఏ చెట్టునీ వదల్లేదు. ఐఎన్ఏ మార్కెట్ నుంచి అరిటాకులు తెచ్చి నేల మీద వరసగా వేశారు.

"నువ్వు మాత్రం కుర్చీలో కూర్చో బాబూ," అన్నాడు భీమేశ్వరరావు. "మోకాలు మడవలేవుగా!"

అందరూ కింద కూర్చుంటే తనొక్కడూ పైన, ఒళ్ళో పళ్ళెంతో, తనిఖీకి వచ్చిన అధికారిలా భోంచేశాడు రవికిరణ్. చెయ్యి కడుక్కుని వస్తుంటే భీమేశ్వరరావు బాల్కనీలోకి పిలిచాడు.

"చిన్న సందేహం బాబూ."

"చెప్పండి అంకుల్."

"గుమ్మంలోకి వచ్చినప్పుడు కుడికాలు కుంటావు. ఇప్పుడు చెయ్యి కడుక్కుని వస్తూ ఎడమకాలు కుంటావు. నొప్పి ఏ కాలికి బాబూ?"

రవికిరణ్ తన కాళ్ళకేసి చూసుకున్నాడు. రెండూ నోరు మెదపలేదు.

"ఏ కాలికీ లేదండీ."

"అదీ! ఒప్పుకుంటే పని తేలిక. ఎందుకిదంతా?"

"బాగైపోయిందంటే ఇంద్రాణి రావడం మానేస్తుందని... భయమేసిందండీ."

భీమేశ్వరరావు కింద ఆగి ఉన్న కార్లకేసి చూశాడు. నవ్వు ఆపుకుంటున్నాడో, కోపం ఆపుకుంటున్నాడో తెలియలేదు.

"ఢోల్ మోగితే మా అమ్మాయి ఎలా ఉంటుందో నీకు తెలుసుగా? ఆ పిల్ల మొన్న డిసెంబరు నుంచి ఒక్క స్టెప్పు వెయ్యలేదు. గమనించావా?"

"స్కూల్లో పని ఎక్కువగా ఉందంది..."

"నీ కాలు బాగయ్యేదాకా ఆడనని మొక్కుకుంది. ఢిల్లీలో పుట్టింది, ఢిల్లీలో పెరిగింది, తిథీ వారం తెలియదు. మొక్కు మాత్రం అచ్చం మా అమ్మలాగే మొక్కుతుంది. జనక్‌పురి అమ్మాయిల భాంగ్రా టీమ్‌లో అదొక్కతే తెలుగు పిల్ల. ముందు వరసలో మధ్యన నిలబడేది అదే. బైసాఖీ పండక్కి పెద్ద స్టేజి మీద ప్రోగ్రాం. వచ్చే ఆదివారంలోగా వస్తావో రావో తేల్చమన్నారు. రానంది. గడువుదాకా ఆలోచించుకోమన్నారు. అయినా రానని చెప్పి వచ్చి, ఆ గదిలో తలుపేసుకుని ఏడ్చింది."

రవికిరణ్‌కి తల కొట్టేసినట్టయింది. తను రోజూ కుంటింది ఆ అమ్మాయి ఆట మీద. నాలుగు రోజుల అల్లం చాయ్ కోసం! సిగ్గుతో చచ్చిపోయాడు. ఆ సిగ్గు అడుగునే ఎక్కడో చిన్న సంతోషం కూడా మొలిచింది. డ్యూటీ చేసేవాళ్ళు మొక్కులు మొక్కరు కదా! దాన్ని చూసి ఇంకా సిగ్గేసింది.

"అంకుల్, నేనిప్పుడే చెప్పేస్తాను."

"కుంటకుండా వెళ్ళు," అన్నాడు భీమేశ్వరరావు.

*

రాత్రికి పెరుగు తేవడానికి ఇంద్రాణి మార్కెట్ వైపు బయలుదేరుతుంటే వెంట వెళ్ళాడు. ఆకాశం పచ్చగా, మురికిగా మారుతోంది. దుమ్ముగాలి లేచేలా ఉంది.

"మెల్లగా నడవండి, తొందరేం లేదు," అంది వాడి మోకాలికేసి చూస్తూ.

"ఇంద్రాణీ, నా కాలు బాగైపోయింది."

"క్యా?"

"రెండు వారాలైంది. దీదీ అప్పుడే చెప్పింది. నేనే... కుంటినట్టు నటించాను. మీరు రావడం మానేస్తారని."

ఆమె ఆగిపోయింది. వాణ్ణి పైనుంచి కిందికి చూసింది. ఇన్నాళ్ళ 'మీరు' అక్కడే రోడ్డు మీద రాలిపోయింది.

"నువ్వు నాటకం ఆడావా?"

"అవును."

"రోజూ నువ్వు కుంటుతుంటే నా ప్రాణం పోయేది, తెలుసా? నా వల్ల ఒక మనిషి కాలు పోయిందని! ఇంక ఆపరేషన్ తప్పదేమోనని! స్కూల్లో పిల్లలు ఢోల్ వాయిస్తుంటే నేను చెవులు మూసుకుని స్టాఫ్‌రూమ్‌లో కూర్చున్నాను. నువ్వు మాత్రం హాయిగా చాయ్ తాగావు! బేశరమ్!"

గిరుక్కున తిరిగి మార్కెట్ జనంలోకి వెళ్ళిపోయింది. సరిగ్గా అప్పుడే గాలి లేచింది. హేంగర్లకి వేలాడుతున్న టాప్‌లూ, కుర్తాలూ జెండాల్లా ఎగిరాయి. బట్టలవాళ్ళు కేకలేస్తూ ప్లాస్టిక్ పట్టాలు లాగుతున్నారు. పెద్ద పెద్ద చినుకులు మట్టివాసనతో టపటపా పడ్డాయి. ఆకాశనీలం చున్నీ ఒకటి ఆ గందరగోళంలో దూరమవుతోంది.

రవికిరణ్ పరిగెత్తాడు.

ఆలోచించి కాదు. డాక్టరు, దీదీ, దిండు మీద బాలెన్సు, ఏదీ గుర్తులేదు. సంచుల మధ్య నుంచి, గొడుగుల కింద నుంచి, "హట్‌నా భయ్యా!" అని అరుస్తూ పరిగెత్తాడు. నీళ్ళ గుంట అడ్డమొస్తే దూకాడు. కుడికాలి మీదే దిగాడు. ఆ కాలు వాణ్ణి నిలబెట్టింది.

అరుపు విని ఇంద్రాణి వెనక్కి తిరిగింది. వానలో తడుస్తూ వాడు తనవైపు పరిగెత్తి వస్తున్నాడు. కోపం సంగతి ఒక్క క్షణం మర్చిపోయింది.

"ఆగు! పరిగెత్తకు! అరే, మోకాలు!"

"చూడు! బాగైంది! చూడు ఇంద్రాణీ!" అంటూ ఆమె ముందుకొచ్చి ఆగాడు. రొప్పుతున్నాడు. మోకాలు జారలేదు, వాయలేదు, గుర్రుమనలేదు. మోకాలిని చూసి ఆమెకి నవ్వొచ్చింది. మనిషిని చూసి మళ్ళీ ఏడుపొచ్చింది. రెండూ వానలోనే కలిసిపోయాయి.

"సారీ," అన్నాడు. "నీ మొక్కు సంగతి తెలిస్తే ఒక్క రోజు కూడా కుంటేవాణ్ణి కాదు. రేపే మీ టీమ్‌కి వస్తానని చెప్పు."

ఆమె తల అడ్డంగా ఊపింది.

"మొక్కు పరుగుకి కాదు. ఏ స్టెప్పుకి పడ్డావో ఆ స్టెప్పు మళ్ళీ వెయ్యాలి. నిలబడాలి. అప్పటిదాకా నేను ఆడను. నీతో మాట్లాడను."

"మాట్లాడకపోవడం కూడా మొక్కులో ఉందా?"

"లేదు. అది నా కోపంలో ఉంది."

పెరుగు కొనడం ఇద్దరికీ గుర్తులేదు.

*

హర్లీన్ దీదీ తమ్ముడి పెళ్ళి ఆ ఆదివారమే. గురుద్వారాలో పెళ్ళి కాబట్టి బరాత్ పొద్దున్నే బయలుదేరుతుంది. టీమ్ ఇచ్చిన గడువు కూడా ఆ రోజే.

ఆ మధ్య రోజుల్లో డాక్టరు రవికిరణ్ మోకాలిని ఇటూ అటూ లాగి చూసి, గట్టిగానే ఉందన్నాడు. దీదీ ఒంటికాలి మీద గెంతించింది, ఆపించింది, పక్కకి దూకించింది. కుడికాలు ఎడమకాలితో సమానంగా దూకింది. చివరికి ఆ స్టెప్పుని కూడా ముక్కలు ముక్కలు చేసి మెల్లగా నేర్పింది. "కిందికి దిగినప్పుడు మోకాలు లోపలికి పడనివ్వకు. నువ్వు తిరిగితే పాదమూ తిరగాలి. పోయినసారి చేసిన తప్పు అదే. ఈసారి నువ్వు లేవాల్సింది నా బల్ల మీంచి కాదు, రోడ్డు మీంచి."

ఇంద్రాణి వచ్చింది, ఎందుకంటే దీదీ పిలిచింది కాబట్టి. రవికిరణ్‌తో మాట్లాడలేదు, ఎందుకంటే కోపం ఇంకా ఉంది కాబట్టి. పసుపు సల్వార్‌లో రోడ్డు పక్కన చేతులు కట్టుకుని నిలబడింది. ఢోల్ మోగింది. ఆమె కాలి బొటనవేలు ఒకసారి కదిలింది. ఆమె కోపంగా చూసేసరికి అది ఆగిపోయింది.

రవికిరణ్ జనం మధ్యలోకి నడిచాడు. కింద బంతిరేకులున్నాయి. బూటుతో రేకులన్నీ పక్కకి తోసి, కాస్త పొడి రోడ్డు చేసుకున్నాడు. ఢోల్ వాయించేవాడు నవ్వి, వాడి ముందుకొచ్చి నిలబడ్డాడు.

కూర్చున్నాడు. లేచాడు. కాలు విసిరాడు.

మళ్ళీ కూర్చున్నాడు. తొడలో ఆ కండ, ఒకప్పుడు తువ్వాలుని నొక్కలేని కండ, ఇప్పుడు మనిషి బరువంతా మోసింది. లేచాడు. ఎవరో ఈల వేశారు.

మూడోసారి. కిందికి దిగుతుంటే చెవిలో ఆ పాత 'టప్' వినపడింది. గుండె ఓ దెబ్బ తప్పింది. మోకాలు మాత్రం తప్పలేదు. నేల మీంచి ఢోల్ కన్నా పైకి లేచాడు, కాలు గాల్లోకి విసిరాడు, దిగాడు, నిలబడ్డాడు. కుడికాలి మీద. ఒంటికాలి మీద. కావాలనే అలా నిలబడి ఇంద్రాణికేసి చూశాడు.

ఇంద్రాణి చేతులు విడిపోయాయి. చున్నీ తీసి నడుముకి బిగించింది. ఓ కేక పెట్టింది. ఆ కేకకి పెళ్ళికొడుకు గుర్రం కూడా ఓ అడుగు పక్కకి వేసింది. జనాన్ని చీల్చుకుని దూకింది. ఆడిందంటే అలా ఇలా కాదు. నాలుగు నెలల బాకీ అంతా అక్కడే రోడ్డు మీద తీర్చేసింది. భుజాలు ఎగిరాయి, జడ ఎగిరింది, దుమ్ము ఎగిరింది. సర్దార్జీలు వెనక్కి జరిగి దారిచ్చారు.

వాడు ఆమె పక్కన చప్పట్లు కొడుతూ, పాదం కలుపుతూ, గట్టిగా ఏదో అన్నాడు.

"క్యా? వినపడట్లేదు!"

ఊపిరంతా కూడదీసుకుని అరిచాడు. "నువ్వంటే నాకు చాలా ఇష్టం! నువ్వు లేకుండా నా వల్ల కాదు!"

సరిగ్గా ఆ క్షణంలో ఢోల్ ఆగింది. వీధి వీధంతా విన్నది. వందమంది వాడికేసి చూశారు. వందమందిలో అర్థమైంది ఒక్కరికే.

"క్యా బోలా, క్యా బోలా?" అంటూ హర్లీన్ దీదీ ముందుకు తోసుకొచ్చింది.

ఇంద్రాణి బుగ్గలు ఎర్రబడ్డాయి. "మోకాలు బాగైందిట, దీదీ!"

అందరూ మోకాలికి జై కొట్టారు. ఢోల్ మళ్ళీ మోగింది. ఆ మోతలో వాడి చెవి దగ్గరికొచ్చి ఆమె అంది.

"అది చెప్పడానికి కాలు బాగవ్వక్కర్లేదు కదా. బల్ల మీద పడుకుని కూడా చెప్పొచ్చు."

"డ్యూటీ కోసం వస్తున్నావనుకున్నాను."

"డ్యూటీ అయితే మొదటి నెలలోనే లీవు పెట్టేదాన్ని, పాగల్!"

అలా అని టీమ్‌కి ఫోన్ చెయ్యడానికి పక్కకి పరిగెత్తింది.

*

బైసాఖీ సాయంత్రం. జనక్‌పురి గ్రౌండ్‌లో స్టేజి, రంగురంగుల పాగాలు కట్టిన అమ్మాయిలు, ముందు వరసలో మధ్యన తెనాలి పిల్ల. ఆమె నవ్వుతూ ఎగురుతుంటే మైదానమంతా ఆమెతో లేస్తున్నట్టుంది.

మొదటి వరస ప్లాస్టిక్ కుర్చీల్లో సునంద, భీమేశ్వరరావు, వాళ్ళ పక్కన రవికిరణ్. వాడి చేతిలో ఫోను, ఫోనులో కాకినాడ నుంచి వీడియోలో కృష్ణకుమారి.

"ఆ మధ్యలో అమ్మాయేనా నిన్ను గెంతించింది?" అంది ఆవిడ.

"ఆ అమ్మాయేనమ్మా."

"బాగానే గెంతుతోంది. నువ్వు మాత్రం దూరంగా ఉండు!"

భీమేశ్వరరావు వినీ విననట్టు గొంతు సవరించుకున్నాడు.

"బాబూ, ఒక చిన్న సందేహం."

ఈయన సందేహాలు రవికిరణ్‌కి తెలుసు. తను ఏ కాలు కుంటుతున్నాడో ఓసారి చూసుకున్నాడు. కూర్చునే ఉన్నాడు.

"చెప్పండి అంకుల్."

"మన పెళ్ళిళ్ళలో పీటల మీద బాసింపట్టు వేసుకుని కూర్చోవాలి. కుర్చీ వెయ్యరు. ఎంతసేపు కూర్చోగలవు?"

సునంద చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఫోనులో కృష్ణకుమారి, "ఏమంటున్నారు? ఏమంటున్నారాయన?" అని కంగారుపడింది.

రవికిరణ్ ఫోను సునంద చేతికిచ్చాడు. కుర్చీలోంచి లేచి, బూట్లు విప్పి, అక్కడే తివాసీ మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. కుడి మోకాలు హాయిగా మడతపడి నేలకి ఆనుకుంది. స్టేజి మీద నుంచి అది చూసిన ఇంద్రాణి ఓ స్టెప్పు తప్పింది. మూడో వరసలో ఉన్నవాళ్ళకి కూడా అది కనిపించింది.

పాట అయిపోయింది. ఇంకో పాట అయిపోయింది. బహుమతులు ఇచ్చారు. ఉపన్యాసాలు అయ్యాయి. జనం లేచి చోలే కుల్చేల వైపు వెళ్తున్నారు. పాగా చేత్తో పట్టుకుని, చెమటతో, ఇంద్రాణి వచ్చి వాడి పక్కన నేల మీద చతికిలబడింది.

"ఇంక చాల్లే, లే బాబూ," అన్నాడు భీమేశ్వరరావు.

"ముహూర్తం పెట్టేదాకా లేవనండీ."

భీమేశ్వరరావు వాడికేసి చూశాడు, కూతురికేసి చూశాడు. ఆ తర్వాత భార్య చేతిలో ఫోను అందుకుని, "నమస్కారమండీ వదినగారూ," అన్నాడు.